ఔషధములును జీర్ణకోశమును

కంచె చేను మేసినదను సామెతను ఎరుగనివారు మన పల్లెలలో లేరు. పైరును కాపాడుటకు వేసిన కంచెయే పైరును తినివేసినయెడల రైతు ఎవరితో మొరపెట్టుకొనును? ఔషధముల విషయములోను ఒక్కొక్కప్పుడు ఇట్టిదే జరుగుచుండును. కీళ్ల నొప్పిని తగ్గించుటకు మ్రింగిన మాత్ర కడుపులో పుండు చేయవచ్చును. జ్వరకారకములైన సూక్ష్మజీవులను చంపుటకు పుచ్చుకొన్న మందు ప్రేవులలో మరియొక వ్యాధికి త్రోవ తీయవచ్చును. ఈ సంగతి వైద్యులకు చిరకాలమునుండి తెలిసినదే. మన ఇండ్లలో మందులపెట్టె తెరచువారిలో అనేకులకు మాత్రము తెలియదు.

ఈ పాఠము వ్రాయుటకు ఒక కారణము గలదు. గత సంవత్సరము మా తొమ్మిదవ తరగతి బాలుడొకడు రెండు వారములు బడికి రాలేదు. అతని పేరు ఇచ్చట చెప్పము. అతడు తన నాయనమ్మయొద్ద పెరుగుచున్నవాడు. ఆమెకు మోకాళ్ల నొప్పులు. ఒకప్పుడు వైద్యుడొకరు పది దినములకు వ్రాసియిచ్చిన మాత్రలు ఆమెకు ఎంతో ఉపశమనము కలుగజేసెను. పది దినములు గడచినవి, మందుచీటి చినిగిపోయినది, కాని మాత్రలు మానలేదు. ఖాళీ అట్టను అంగడిలో చూపి క్రొత్త అట్టను తెచ్చుట మనుమని పని. ఈ విధముగా ఎనిమిది మాసములు జరిగెను. చలికాలములో ఒళ్లునొప్పులకని మరియొక మాత్ర దానికి తోడాయెను.

ఆమె కడుపు నొప్పియని ఎన్నడును అనలేదు. మలము తారువలె నల్లబడినప్పుడు వేడిచేసినదనుకొని మజ్జిగ త్రాగి ఊరకుండెను. మూడవనాడు తెల్లవారుజామున ప్రార్థనకు లేవబోయి తూలి పడిపోయెను. ఆసుపత్రిలో రక్తము ఎక్కించి, ఎండోస్కోపు అను సన్నని గొట్టమును నోటిద్వారా లోనికి పంపి చూడగా, జీర్ణకోశములో పుండును, దాని అడుగున రక్తము చిమ్ముచున్న నాళమును కనబడెను. వైద్యులు దానిని అప్పుడే మూసివేసిరి. దేవుని కృపవలన ఆమె బ్రదికెను.

బాలుడు తిరిగి బడికి వచ్చిన దినమున అందరును వెళ్లినదాక నిలిచి, “అయ్యగారూ, ఆ మందు తెచ్చి ఇచ్చినది నేనే గదండీ” అనెను. అతనికి మేము చెప్పిన జవాబు మాకే తృప్తికరముగా లేకపోయెను. ఏలయనగా జీర్ణమండలమును గూర్చిన పాఠము అతనికి చెప్పినవారము మేమే. పరీక్షలో అతడు జీర్ణకోశపు పటమును చక్కగా గీసి, భాగముల పేర్లన్నియు వ్రాసి, పూర్తి మార్కులు పొందెను. నల్లని మలము అపాయమునకు గురుతని ఆ పాఠములో ఎక్కడను మేము చెప్పియుండలేదు. ఆ కొరతను ఇప్పుడైనను తీర్పవలెనని ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

1. జీర్ణకోశము తన్ను తాను ఏల జీర్ణించుకొనదు?

క్రీ. శ. 1822వ సంవత్సరమున ఉత్తర అమెరికాలోని మాకినాక్ దీవిలో అలెక్సిస్ సెయింట్ మార్టిన్ అను యువకునికి పొరపాటున తుపాకి దెబ్బ తగిలెను. విలియం బోమాంట్ అను సైనిక వైద్యుడు అతనికి చికిత్స చేసెను. గాయము మానినను, కడుపులోనికి ఒక రంధ్రము మాత్రము పూడక నిలిచిపోయెను. బోమాంట్ ఆ రంధ్రముగుండ పట్టుదారమునకు కట్టిన మాంసపు ముక్కలను లోనికి దింపి, కొంతసేపటికి బయటికి లాగి, అవి ఎంతవరకు కరగినవో పరీక్షించెను. ఆ పరీక్షలను 1833లో గ్రంథముగా ప్రకటించెను. అంతకుముందే 1824లో ఇంగ్లండు దేశస్థుడైన విలియం ప్రౌట్ జఠరరసములోనుండు ఆమ్లము హైడ్రోక్లోరికామ్లమేయని స్థాపించెను.

ఈ ఆమ్లము మాంసమును కరగించుటకు తోడ్పడును గదా, మాంసముతోనే నిర్మితమైన జీర్ణకోశపు గోడను ఏల కరగింపదు? దేవుడు ఆ గోడకు నాలుగు కాపుదలలు ఏర్పరచెను. మొదటిది, గోడపై పరచుకొనియుండు జిగురు పొర. రెండవది, ఆ జిగురులోనికి ఊరుచుండు క్షారము. ఇది మన వంటసోడాలోని బైకార్బొనేటే. గోడను సమీపించిన ఆమ్లమును ఇది విరిచివేయును. మూడవది, గోడలో నిరంతరము ప్రవహించు సమృద్ధియైన రక్తము. నాలుగవది, గోడపైనున్న కణములు కొలది దినములకొకసారి రాలిపోయి క్రొత్తవి పుట్టుచుండుట.

ఈ కాపుదలలను చక్కగా నడిపించు పదార్థములకు ప్రోస్టాగ్లాండినులని పేరు. జిగురును, క్షారమును ఊరింపుమనియు, రక్తమును తగినంత ప్రవహింపజేయుమనియు ఇవి గోడకు ఆజ్ఞ ఇచ్చుచుండును. ఈ పేరును విద్యార్థులు జ్ఞాపకముంచుకొనవలెను. తరువాతి సంగతి అంతయు దీనిమీదనే ఆధారపడియున్నది.

2. నొప్పిమాత్ర కడుపులో చేయు పని

నొప్పిమాత్రల చరిత్ర ఒక చెట్టు బెరడుతో ఆరంభమగుచున్నది. 1763లో ఎడ్వర్డ్ స్టోన్ అను ఇంగ్లీషు పాదిరిగారు విల్లో అను చెట్టు బెరడును ఎండబెట్టి పొడిచేసి చలిజ్వర రోగులకిచ్చి, దాని గుణమును లండనులోని రాయల్ సొసైటీకి వ్రాసి తెలియజేసెను. తరువాతి శతాబ్దములో రసాయన శాస్త్రజ్ఞులు అట్టి చెట్లనుండి సాలిసిలికామ్లమును సాధించిరి. అది నొప్పిని, జ్వరమును తగ్గించెను గాని కడుపును మిక్కిలి బాధించెను. 1897లో జర్మనీలో ఫెలిక్స్ హాఫ్మన్ దానిని మార్చి శుద్ధమైన అసిటైల్ సాలిసిలికామ్లమును తయారుచేసెను. 1899నుండి అది ఆస్పిరిన్ అను పేర అమ్మకమునకు వచ్చెను. ఇది కడుపునకు హాని చేయదని అనేకులు తలంచిరి. కాని 1938లో డౌత్‌వైట్, లింటాట్ అను ఇంగ్లీషు వైద్యులు గొట్టముద్వారా రోగుల జీర్ణకోశములోనికి చూచి, ఆస్పిరిన్ అక్కడి పొరను ఎరుపెక్కించి గాయపరచుటను కన్నులార కనుగొనిరి.

కారణమేమో తెలియుటకు మరి ముప్పదిమూడేండ్లు పట్టెను. 1971లో జాన్ వేన్ అను శాస్త్రజ్ఞుడు ఆస్పిరిన్ వంటి మందులు ప్రోస్టాగ్లాండినుల ఉత్పత్తినే ఆపివేయునని నిరూపించెను. ప్రోస్టాగ్లాండినులను గూర్చిన పరిశోధనలకు 1982లో అతనికిని, స్వీడను దేశస్థులైన బెర్గ్‌స్ట్రోమ్, సామ్యుయేల్సన్ అనువారికిని నోబెల్ బహుమానము లభించెను.

ఇప్పుడు చిక్కు ఎక్కడనున్నదో గమనింపుడు. వాచిన కీలులో నొప్పిని పెంచునవి ప్రోస్టాగ్లాండినులే. కడుపులో గోడను కాపాడునవియు ప్రోస్టాగ్లాండినులే. రెండింటిని తయారుచేయుటలో పనిచేయు ఎంజైమునకు సైక్లోఆక్సిజనేజు అని పేరు. మాత్ర ఆ ఎంజైమును ఆపగా మోకాలిలో నొప్పి తగ్గును, కడుపులో కాపుదలయు తగ్గును. దొంగను పట్టుకొనుటకై ఊరిలోని దీపములన్నియు ఆర్పినట్లగును.

ఆస్పిరినేగాక ఐబుప్రోఫెన్, డైక్లోఫినాక్, నాప్రోక్సెన్, ఇండోమెథసిన్, పిరాక్సికామ్, కిటోరొలాక్ మొదలైనవన్నియు ఈ జాతికి చెందినవే. వీనిని గూర్చి ప్రజలలోనున్న రెండు భ్రమలను ఇచ్చట తొలగింపవలెను.

అన్నము తిని మాత్ర వేసికొనిన భయములేదనుట మొదటి భ్రమ. మాత్ర గోడను తాకి చేయు హాని కొంతమట్టుకే. రక్తములో కలిసి తిరిగివచ్చి చేయు హాని అంతకంటె గొప్పది. కావున అన్నము తిన్న తరువాత మ్రింగినను, పైపూత గల మాత్రను మ్రింగినను, సూదిమందుగా పుచ్చుకొనినను అపాయము పూర్తిగా తొలగదు.

పుండుపడినయెడల నొప్పి కలుగును గదా, అప్పుడు మానవచ్చుననుట రెండవ భ్రమ. నొప్పిని అణచుటయే ఆ మాత్ర పని. కావున కడుపులోని పుండు అనేకులలో, విశేషముగా వృద్ధులలో, నొప్పి లేకయే పెరుగును. రక్తస్రావమో, గోడకు రంధ్రము పడుటయో మొదటి గురుతు కావచ్చును. అంతేగాక ఆస్పిరిన్ రక్తఫలకికలను మందగింపజేయును గనుక కారుచున్న రక్తము తొందరగా గడ్డకట్టదు.

ఈ అపాయము అందరికి సమానము కాదు. అరువదియేండ్లు దాటినవారికిని, మునుపు కడుపులో పుండు కలిగినవారికిని, రెండు నొప్పిమాత్రలు కలిపి వాడువారికిని, స్టెరాయిడు మందులో వార్ఫరిన్ వంటి రక్తము గడ్డకట్టకుండు మందులో వాడువారికిని ఇది అధికము. హెలికోబాక్టర్ పైలొరీ అను సూక్ష్మజీవి కడుపులో నివసించువారికి మరియు అధికము. చాలమట్టుకు కడుపుపుండ్లకు ఆ సూక్ష్మజీవియు కారణమని కనిపెట్టిన ఆస్ట్రేలియా వైద్యులు వారెన్, మార్షల్ అనువారు 2005లో నోబెల్ బహుమానము పొందిరి.

కడుపును బాధింపని నొప్పిమాత్రకై శాస్త్రజ్ఞులు ప్రయత్నింపకపోలేదు. వాపు గల చోట పనిచేయు రెండవరకపు ఎంజైమును మాత్రమే ఆపు రోఫెకాక్సిబ్ అను మందు 1999లో వచ్చెను. కడుపునకు హాని తగ్గెను గాని, గుండెపోటు హెచ్చుచున్నట్లు తేలగా 2004లో దానిని అంగళ్లనుండి తీసివేసిరి. ఒక ద్వారము మూయగా మరియొకటి తెరచుకొనెను. కేవలము మేలే చేయు మందు దొరకుట కష్టమని దీనివలన నేర్చుకొనవలెను.

3. మరి మూడు ఔషధములు

నొప్పిమాత్రలు కడుపును బాధించినట్లే, ఇతర మందులు జీర్ణమార్గములోని ఇతర భాగములను బాధించును. మూడు ఉదాహరణములు చాలును.

మొదటిది అన్నవాహికకు సంబంధించినది. డాక్సిసైక్లిన్ అను సూక్ష్మజీవినాశక మందును, ఎముకల బలమునకిచ్చు అలెండ్రొనేట్ అను మాత్రను రెండు గుక్కల నీటితో మ్రింగి వెంటనే పండుకొనినయెడల, మాత్ర అన్నవాహికలో అంటుకొని అచ్చటనే కరగి పుండుచేయును. తరువాత గ్రుక్క మ్రింగుటయే దుర్లభమగును. నిండు గ్లాసెడు నీటితో మ్రింగి, కనీసము అరగంట నిటారుగా కూర్చుండుట గాని నిలిచియుండుట గాని చేసినయెడల ఈ కీడు చాలమట్టుకు తప్పును.

రెండవది పెద్దప్రేవులకు సంబంధించినది. మన ప్రేవులలో లెక్కకుమించిన మేలుచేయు సూక్ష్మజీవులు కాపురముండును. యాంటీబయాటిక్కులు చెడ్డవానితోపాటు వీనినికూడ చంపును. ఊరివారు వెళ్లిపోయిన వీధిలో దొంగలు చేరినట్లు, క్లాస్ట్రిడియాయిడిస్ డిఫిసిల్ అను సూక్ష్మజీవి అక్కడ విస్తరించి విషమును పుట్టించును. క్లిండమైసిన్ అను మందు వాడినవారిలో కలుగు తీవ్రమైన ప్రేవుల వాపునకు ఇదియే కారణమని 1978లో తేలెను. ఇతర యాంటీబయాటిక్కులవలనను ఇది కలుగవచ్చును. మందు వాడుచుండగా గాని, ముగించిన కొన్ని వారములలోపల గాని నీళ్లవిరేచనములు, కడుపునొప్పి, జ్వరము కలిగినయెడల, విరేచనములు కట్టు మాత్రను స్వయముగా కొని వేసికొనక వైద్యునియొద్దకు పోవలెను.

మూడవది మన తెలుగువారు గర్వముతోను జాగ్రత్తతోను జ్ఞాపకముంచుకొనదగినది. భీమవరములో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ పరిశోధనాలయమునకు నాయకులై ఫోలికామ్లమును గూర్చి పరిశోధనలు జరిపిరి. ఆ పరిశోధనలనుండి పుట్టిన అమినాప్టెరిన్ అను మందుతో 1948లో సిడ్నీ ఫార్బర్ అను వైద్యుడు రక్తపు క్యాన్సరుతో బాధపడు పిల్లలలో కొందరికి తాత్కాలికముగా వ్యాధి తగ్గినదని ప్రకటించెను. ఆ యేటనే సుబ్బారావుగారు కాలధర్మము నొందిరి. దాని తోబుట్టువైన మెథోట్రెక్సేట్ నేడు కీళ్లవాతమునకు విరివిగా వాడబడుచున్నది.

ఈ మందు త్వరితముగా విభజనమొందు కణములను అడ్డగించును. నోటిలోని పొరయు, ప్రేవులలోని పొరయు అట్టి కణములతోనే ఏర్పడినవి. అందుచేత కీళ్లవాతమునకు దీనిని వారమునకు ఒక్కసారి మాత్రమే ఇత్తురు. దినమునకొకటియని భ్రమపడి మ్రింగినవారికి నోరంతయు పుండ్లుపడి, ప్రేవుల పొర ఊడి, రక్తకణములు తగ్గి, ప్రాణమునకే ముప్పు వాటిల్లుట కలదు. వారమునకు అని వైద్యుడు వ్రాసిన ఒక్క మాటను చదువుటలోనే జీవమరణములు ఆధారపడియున్నవి. ఇంటిలో చదువుకొన్న బిడ్డ ఉండుటవలని ప్రయోజనము ఇంతకంటె ఏమి కావలెను?

4. అపాయ సూచనలు

ఈ క్రింది గురుతులను ప్రతి విద్యార్థియు కంఠపాఠము చేయవలెను.

మలము తారువలె నల్లగా, జిగటగా, దుర్వాసనతో ఉండుట. ఇనుపమాత్రలు వేసికొనువారికిని మలము నల్లబడును. అయితే ఆ నలుపునకు సాధారణముగా తారువంటి జిగటయు, ఆ దుర్వాసనయు ఉండవు. సందేహమున్నయెడల వైద్యుడే తేల్చవలెను.

వాంతిలో ఎర్రని రక్తము గాని, కాఫీపొడివంటి నల్లని నలుసులు గాని కనబడుట.

అకస్మాత్తుగా కత్తితో పొడిచినట్లు కడుపునొప్పి కలిగి, పొట్ట చెక్కవలె బిగుసుకొనుట. ఇది గోడకు రంధ్రము పడుటకు గురుతు.

లేచి నిలువగనే కన్నులు తిరుగుట, చెమటపట్టుట, ముఖము పాలిపోవుట, గుండె దడదడలాడుట.

వీనిలో ఏది కనబడినను తెల్లవారువరకు ఆగరాదు, మజ్జిగతోను సోడాతోను సరిపెట్టరాదు. వెంటనే ఆసుపత్రికి తీసికొనిపోవలెను. వాడుచున్న మందుల అట్టలన్నిటిని వెంట తీసికొనిపోయి వైద్యునికి చూపవలెను.

5. మన కర్తవ్యము

ఇంతయు చదివినవారు ఔషధములన్నియు విషములని తలంచిన, మా ప్రయాసము వ్యర్థమగును. ఆస్పిరిన్ గుండెపోటు వచ్చినవారికి మరల రాకుండ కాపాడుచున్నది. వైద్యుడు గుండెకొరకు ఇచ్చిన ఆస్పిరినును భయపడి స్వయముగా మానుటయు అపాయకరమే. మందును మొదలుపెట్టునట్లే మానుటయు వైద్యుని ఆలోచనతో జరుగవలెను. అపాయము అధికముగా ఉన్నవారికి కడుపును కాపాడుటకై ఒమెప్రజోల్ వంటి ఆమ్లమును తగ్గించు మందును వైద్యుడు తోడుగా ఇచ్చును. నొప్పి స్వల్పమైనయెడల పారాసిటమాలు చాలునని చెప్పవచ్చును. అది కడుపునకు ఇంత హాని చేయదు గాని, మితిమీరిన కాలేయమును చెరచును.

మందు చెడ్డది కాదు. చీటి పది దినములకైయుండగా ఎనిమిది మాసములు వాడుట చెడ్డది. డైక్లోఫినాక్ అట్టమీద వైద్యుని చీటి లేక అమ్మరాదని అచ్చువేసియే యుండును. ఆ మాటను అమ్మువాడు చదువడు, కొనువాడు చదువడు. చదువగల బాలుడు నడుమ నిలిచియుండియు చదువలేదు. చదువుమని వానికి చెప్పవలసిన మేమును చెప్పలేదు.

ఆ బాలునికి ఆనాడు సరిగా చెప్పలేకపోయిన జవాబును ఇప్పుడు చెప్పుచున్నాము. నాయనమ్మ బాధను చూడలేక అంగడికి పరుగెత్తిన కాళ్లలో తప్పులేదు. ప్రేమ నీకు ఉండెను, తెలివి నీకు మేము ఇయ్యలేదు. మన దేహము దేవుని ఆలయమని అపొస్తలుడైన పౌలు బోధించెను. ఆ పౌలునకు ప్రియుడైన లూకా వైద్యుడే. కావున దేహమును గూర్చిన జ్ఞానమును సంపాదించుటయు, దానిని ఇంటనున్న వృద్ధులకొరకు వినియోగించుటయు భక్తికి వెలిచూపు కాదు, భక్తిలో భాగమే.

అభ్యాసము

(1) జీర్ణకోశపు గోడకుగల నాలుగు కాపుదలలను వ్రాయుము.
(2) నొప్పిమాత్రను సూదిమందుగా పుచ్చుకొనినను కడుపునకు హాని ఏల కలుగును?
(3) వారమునకొకసారి వాడవలసిన మందును దినదినము వాడిన ఏమి జరుగును? కారణమేమి?
(4) ఈ సెలవులలో మీ ఇంటిలోని పెద్దలయొద్ద కూర్చుండి, వారు వాడుచున్న మందుల పేర్లను, ఎప్పుడు ఎవరు వ్రాసియిచ్చిరో, ఎన్ని దినములకు ఇచ్చిరో ఒక కాగితముమీద వ్రాయుము. ఆ కాగితమును మాకు చూపనక్కరలేదు. వారు మరల వైద్యునియొద్దకు పోవునప్పుడు వెంట పోయి ఆయనకు చూపుము.